నారు బండి, విరగబోయిన లోయర్ ఆర్మ్, కోదాడలో నాలుగు గంటలు

సూర్యాపేట నుంచి కోదాడ, అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ. సుమారు నూరు కిలోమీటర్ల ఈ దారి ఎలక్ట్రిక్ పికప్‌తో హాయిగా అయిపోతుందని నేనే చాలామందికి చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ పోయిన వానాకాలంలో అదే దారి నా ప్రాణం ఎలా తోడేసిందో కూడా చెప్పకపోతే అన్యాయం. మా అక్క పద్మకు మిర్యాలగూడ దాటి వాడపల్లి రోడ్డులో ఎకరంన్నర పొలం ఉంది. బావ అంతకుముందు చలికాలంలోనే చనిపోయాడు. అక్క సొంతంగా చేస్తున్న మొదటి పంట అది. ఆమె మరిది లింగయ్య మొదటినుంచీ "కౌలుకిచ్చి కూసో వదినా, నీతోని యాడయితది" అంటూనే ఉన్నాడు. ఆమెకు పౌరుషం వచ్చి, నలుగురి ముందు "ఈసారి నాటు పడకపోతే అప్పుడు నీ ఇష్టం" అనేసింది. ఆ మాటన్న పది రోజులకే వాన దంచి నారుమడి మునిగి కుళ్లిపోయింది.

ఎవరెవరినో అడిగితే కోదాడ అవతల ఒక రైతు దగ్గర నారు మిగిలిందని తెలిసింది. మర్నాటి సాయంత్రానికి కాలువ నీళ్లు ఆపేస్తారు. అక్క పొలం దమ్ము చేసి, నాటుకు పన్నెండు మంది కూలీలను మాట్లాడి పెట్టుకుంది. అంటే నారు ఆ రోజే చేరాలి. నేను సూర్యాపేటలో బాడుగలకు బండి నడుపుతాను, కాబట్టి తెచ్చే పని నా మీద పడింది. పొద్దున ఐదున్నరకు నిండు ఛార్జింగ్‌తో బయలుదేరాను. చివ్వెంల, మునగాల దాటి హైవే మీద అరవై మించకుండా పోతే, ఆరు ముప్పావుకు కోదాడలో ఉన్నాను. ఛార్జింగ్ అరవై రెండు శాతం చూపిస్తోంది. ఖాళీ బండి కదా, బాగానే నడిచింది.

నారు పీకి కట్టలు కట్టి ఉంచారు. బండి నిండా పేర్చి, పైన తడి గోనెసంచులు కప్పేసరికి ఎనిమిదయింది. తిరిగి కోదాడ ఊళ్లోకి వస్తుంటే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఎడమ ముందు చక్రం కింద ధడేల్మని చప్పుడు. ఆ తర్వాత స్టీరింగ్ నేను తిప్పకుండానే ఎడమకు లాగడం మొదలుపెట్టింది.  ఇరవై స్పీడులో పాక్కుంటూ వెళ్లి కనబడ్డ మొదటి షెడ్డు ముందు ఆపాను. అక్కడి మెకానిక్ బండి మీది రాత చదివి రెండడుగులు వెనక్కి వేశాడు. "కరెంటు బండా? ముట్టనమ్మా. షాక్ కొడితే ఎవరిది పూచీ?" అన్నాడు. చక్రానికి షాక్ ఏంటయ్యా అని కసిరాను. కసిరితే ఏం లాభం, ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

హుజూర్‌నగర్ రోడ్డులో రెండో షెడ్డు వెంకటేశ్వర్లుది. యాభై దాటిన మనిషి, నిదానస్థుడు. ఆ నిదానం చూస్తేనే నాకు ఒళ్లు మండిపోయింది. కింద దూరి, ఇనుప కడ్డీతో చక్రాన్ని అటూ ఇటూ కదిపి బయటికొచ్చాడు.

"లోయర్ ఆర్మ్ పోయిందమ్మా. చక్రాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే చెయ్యి ఇది. దీని కొసన ఉండే కీలు, బాల్ జాయింట్, వదులైపోయింది. ఎన్నాళ్ల నుంచి మోగుతుంది?"

"ఇయ్యాలనే."

"ఇవాళ్టిది కాదులే. రబ్బరు చిరిగి, లోపల తుప్పు పట్టింది. లోడుతో ఇంకో పది కిలోమీటర్లు పోయుంటే చక్రం పక్కకి పడిపోయేది."

 నిజానికి నాలుగు రోజులుగా మోగుతోంది. జాకీ రాడ్ కదులుతోందేమోనని సర్దిచెప్పుకుని, చప్పుడు వినిపించకుండా రేడియో పెంచుకుని తిరిగాను. ఆ మాట ఆయనకు చెప్పలేదు. అక్కకు ఫోన్ చేసి, "ఒక్కసారిగ పాడైంది అక్కా, జరసేపట్ల బయల్దేరుత" అన్నాను. చెప్తుంటే నాకే సిగ్గేసింది.

కంపెనీ సర్వీసు వాళ్లకు ఫోన్ చేస్తే పార్టుకు నాలుగు రోజులన్నారు. వెంకటేశ్వర్లు ఆ మాట పట్టించుకోకుండా, ఫోన్ లైటు వేసి ఆర్మ్ మీద పోతపోసిన నంబరు చదివాడు. ఇదే బండికి డీజిల్ మోడల్ ఉంది, దాని ఆర్మ్ నంబరు కూడా ఇదేనట. సూర్యాపేటలో ఒక స్పేర్ పార్ట్స్ దుకాణానికి ఫోటో పంపించాడు. వాళ్లు తొమ్మిదిన్నరకు షాపు తెరిచి, ఉంది, కోదాడ మీదుగా పోయే విజయవాడ బస్సులో వేస్తామన్నారు. పొద్దున నేను ఆ దుకాణం ముందు నుంచే వచ్చాను! తల బాదుకోవాలనిపించింది.

బస్సు వచ్చేదాకా బండికి ఛార్జింగ్ పెట్టుకోమని షెడ్డులో సాకెట్ చూపించాడు. జాకీ ఎక్కించకముందే ఆ పని కానిమ్మన్నాడు. నేను షెడ్డుకీ రోడ్డుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. నారు మీద నీళ్లు చల్లుతాను, టైము చూస్తాను, అక్కకు ఫోన్ చేస్తాను. ఐదోసారి చేస్తే, "నువ్వు ఊకె ఫోన్ చేస్తే నారు నడిసొస్తదా చెల్లె? పెట్టెయ్" అని కట్ చేసింది. పదకొండుకు బస్టాండులో అట్టపెట్టె చేతికొచ్చింది. దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు పట్టుకుని ఆటోలో షెడ్డుకు తెచ్చాను.

ఇక్కడొక గొడవ. లోడుతో జాకీ ఎక్కించనన్నాడు వెంకటేశ్వర్లు. నారంతా దించి చెట్టు నీడలో పెట్టాం. జాకీ కూడా కింద బ్యాటరీ పెట్టెకు తగలకుండా ఛాసిస్ పట్టీ వెతికి దాని కింద పెట్టాడు, స్టాండ్లు వేశాడు. పాత ఆర్మ్, కొత్త ఆర్మ్ నేల మీద పక్కపక్కన పెట్టి బోల్టు రంధ్రాలు, జాయింట్ మందం సరిచూశాడు. తర్వాత పని చకచకా సాగింది. పన్నెండుంబావుకు చక్రం ఎక్కింది. నేను తాళం చేతిలోకి తీసుకున్నాను.

"ఆగమ్మా. ఇంకా బిగించలా."

"ఇంకేం బిగిస్తవన్నా? చక్రం ఎక్కింది కదా!"

"ఆర్మ్ వెనక రబ్బరు బుష్‌ల బోల్టులు వదులుగానే ఉంచా. చక్రం గాల్లో ఉండగా బిగిస్తే, లోడు పడంగానే రబ్బరు మెలితిరుగుద్ది. పది రోజుల్లో చిరిగి మళ్లీ నా దగ్గరికే వస్తావు. నారు ఎక్కించు, బండి కూర్చున్నాక కింద దూరి బిగిస్తా."

"మా అక్క పొలంల కూలోళ్లు వాపస్ పోతరన్నా! నీకేం పోయింది?"

ఆయన కోపగించుకోలేదు. "నారు చేరాలా, దారిలో పడాలా?" అని మాత్రం అడిగాడు. తాళం జేబులో వేసుకుని కట్టలు ఎత్తడం మొదలుపెట్టాను. ఆయన కూడా ఎత్తాడు. లోడు పూర్తయ్యాక కింద పడుకుని బోల్టులు బిగించి, నట్టు ఊడకుండా స్ప్లిట్ పిన్ వంచి వదిలాడు. ఆర్మ్‌కు రెండు వేల ఆరు వందలు, కూలీ ఏడు వందలు. ఒంటిగంటకు కదిలాను. ఛార్జింగ్ ఎనభై ఐదు.

హుజూర్‌నగర్, నేరేడుచర్ల, మిర్యాలగూడ. దారి పొడవునా పొలాల్లో ఆడవాళ్లు వంగి నాట్లు వేస్తున్నారు. మామూలప్పుడైతే చూస్తూ పోయే దారి అది. ఆ రోజు మాత్రం ఎవరి పొలం కనబడ్డా టైము చూసుకున్నాను. మిర్యాలగూడలో రైసు మిల్లుల లారీల వెనక పావుగంట ఇరుక్కుని, హారన్ కొట్టీ కొట్టీ చెయ్యి నొప్పి పుట్టింది. పొలం గట్టుకు చేరేసరికి మూడుంబావు. ఛార్జింగ్ ఇరవై ఒకటి.

పన్నెండు మందిలో నలుగురే ఉన్నారు. రెండింటి దాకా చూసి మిగతావాళ్లు వేరే పొలానికి వెళ్లిపోయారట. ముఠా పెద్ద ఎల్లమ్మ మాత్రం అక్క మొహం చూసి ఉండిపోయింది. అక్క నన్ను తిట్టలేదు, అది మరీ కష్టంగా ఉంది. కట్టలు దించుతూ అసలు సంగతి చెప్పేశాను. "అక్కా, బండి నాలుగు రోజుల సంది మోగుతుంది. నేనే సూడలే."

ఆమె నా చేతిలోంచి కట్ట అందుకుంది. "చెప్తివి కదా. ఇగ దిగి వంగు" అంది.

సల్వార్ మోకాళ్లకు ఎగ్గట్టి బురదలో దిగాను. ఆరుగురం పొద్దుగూకేదాకా నాటితే సగం పొలం పడింది. "పొద్దుగాల ఆరింటికల్ల అందరిని తోలుకొస్త పద్మా, నీళ్లయితే రేపు సాయంత్రం దాక ఉంటయ్ కదా" అంది ఎల్లమ్మ. అప్పుడే లింగయ్య గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు.

"సగమే పడ్డది కదా వదినా. ఇగ కౌలు సంగతి మాట్లాడుదమా?"

అక్క నడుము ఎత్తకుండానే జవాబిచ్చింది. "నేను సగం నాటిన పొలం ఇంకొకనికి ఎట్లిస్త లింగయ్యా? మాటలు తర్వాత, ఆ కట్ట అందుకో."

లింగయ్య చెప్పులు విడిచాడు. తర్వాత వంగి, గట్టు మీది నారు కట్ట తీసి ఆమె ముందుకు విసిరాడు. ఇంకొకటి తీశాడు.

మర్నాడు పదకొండుకల్లా మిగతా సగం కూడా పడిపోయింది. నాకు ముందు రోజంతా ఎక్కడా కాలు నిలవలేదు. ఎవరెవరి మీద అరిచానో వాళ్లందరూ నాకంటే నిదానంగా, నాకంటే సరిగ్గా పనిచేశారు. పార్టు దొరకకపోతే సూర్యాపేట నుంచి బస్సెక్కి వచ్చింది. వెళ్లిపోయిన ఆ ఎనిమిది మంది కూలీలను ఆ రోజు ఏ బస్సూ వెనక్కి తేలేదు. అక్క క్షమించింది కాబట్టి నేను తప్పు చేయనట్టు కాదు, ఆ లెక్క నాకు తెలుసు.

ఈ దారిలో లోడుతో వెళ్లేవాళ్లకు ఒక్క మాట. బయలుదేరే ముందు రోజు ముందు చక్రాలు ఒక్కొక్కటే లేపించి, కింద కడ్డీ పెట్టి కదిపించి చూడండి, పది నిమిషాల పని. ఆర్మ్ మార్పిస్తే మాత్రం, చివరి బిగింపు లోడు ఎక్కాకే చేయించుకోండి, మెకానిక్ ఆగమంటే ఆగండి.