ఆ గల్లీలో నాలుగు సెకన్లు

ఫలక్‌నుమా బస్సులో, కొత్త స్పోర్ట్స్ కారు కాగితాలు ఒళ్లో పరుచుకొని కూర్చున్నాను. పక్క సీట్లో బంతిపూల మూటతో ఒకావిడ.

"ఏంది బాపు, కొంటున్నవా?"

"రేపే బిడ్డా. ఎనభై లక్షలు. నాలుగు సెకన్లల్ల వంద స్పీడు. మూడేండ్లకు సగం ధరకు దిగుతదట. ఫికర్ లేదు, నాకు పన్నెండు బర్రెలున్నయ్."

ఈ వయసులో ఎందుకని అడిగింది. చెప్పాను. పెళ్లికి పోతుంటే మా తోడల్లుడు తన కొత్త కారు తలుపు నా ముఖం మీదే వేశాడు. "పేడ వాసనొస్తున్నవ్, ఆటోల రా" అన్నాడు, అందరూ వింటుండగా. జహనుమాలో మా పక్క గల్లీయే వాడిది.

"వాని ఇంటి ముందర దీన్ని ఉరికిస్త. కడుపు మండి సావాలె."

"గల్లీ ఎంత వెడల్పుంటది?"

"ఒక్క కారు పడుతది."

"అండ్ల బర్రె అడ్డం నిలబడితే, నీ నాలుగు సెకన్లు ఏమైతయ్ బాపు?"

నవ్వి, మూట ఎత్తుకొని దిగిపోయింది.

ఆ కాగితాలు షోరూం వాళ్లు దారిన పోయేవాళ్లకు ఊరికే పంచినవి. కాని మర్నాటి నుంచి రోజూ, మా తోడల్లుడు ఆఫీసుకు కారు తీసే వేళకు, ఆ గల్లీలో బర్రెను తోలుకెళ్తున్నాను. వాడు హారన్ మీద హారన్ కొడతాడు. అది నిలబడి నెమరు వేస్తుంది. వాడి కారు ధర ఏటికేడు దిగుతోంది. నా బర్రె ఇప్పుడు చూలుతో ఉంది.

పన్నెండన్నది కూడా అబద్ధమే. నాకున్నది ఒక్కటే. ఆ గల్లీకి ఒక్కటి చాలు.