నీలం చిలకకు మేనరికం

పెళ్లైన కొత్తలో మాది నిమ్‌పురా రైల్వే క్వార్టర్సు. అత్తగారు లవ్ బర్డ్స్ పెంచేవారు. ముసలిదైన నీలం పెట్టకి పుట్టినవన్నీ తండ్రిలా ఆకుపచ్చవే. ఆ నీలం దానితోనే పోతుందని ఆవిడకి బెంగ. ఆకుపచ్చ పిల్లల్లోనూ నీలం దాగి ఉంటుందని, మళ్లీ నీలం పక్షితో జతకడితే బయటపడుతుందని బీయస్సీ చదివిన నేను వాదించి, కొడుకుని తల్లితో జత చేయబోయాను.

అత్తగారు పంజరానికి అడ్డంగా కూర్చున్నారు. "తల్లికి కొడుకేటే? సిగ్గు నేదా నీ సదువుకి?"

"పక్షులకి వావివరసలేమిటత్తా?"

"నా ఇంట్లో ఉన్నాయి. పక్కింటి దీదీ దగ్గర దీని తమ్ముడున్నాడు, నీలంవోడు. దీని ఆడపిల్లని ఆడికిచ్చేద్దాం. మేనమామే కదా."

నా లెక్కకీ అది సరిపోయింది. ఆవిడే వెళ్లి సంబంధం అడిగి వచ్చారు. ఆ జంటకి పుట్టిన పిల్లలకి ఈకలొచ్చేసరికి ఒకటి నీలంగా తేలింది. నా సైన్సు గెలిచిందన్నాను.

"మేనరికం గెలిసింది. నువ్వూ నా మేనకోడలివే, కోడలివై వచ్చినావు కదే, మా అన్నయ్య ముక్కేసుకుని" అన్నారు.

ముక్కు తడుముకున్నాను. వాదనలో ఓడి సంతోషించింది ఆ ఒక్కసారే.