నాలుగు జిల్లాల దయ్యాలు, ఒకటే కథ

ఆదివారం పొద్దున మోకాళ్ళకు నూనె రాసుకుంటూ కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది. తెలియని నంబరు. అవతల ఒకామె, గోదావరి యాస. "మా మావయ్యగారు గురువారం పోయారండి. ఆయన డైరీలో మీ నంబరుంటే చేస్తున్నాను. పదకొండో రోజు పై ఆదివారమండి, వీలైతే రండి" అంది. "అట్లనా తల్లీ" అన్నాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే దానికి నిండా నూనె అంటుకుని ఉంది.

ఈ వయసులో పోయేవాళ్ళ కబుర్లు వారానికొకటి వస్తున్నాయి. ఏడ్చే ఓపిక కూడా తగ్గిపోయింది. కానీ ఈయన సంగతి వేరు. ఈయన గురించి నాలుగు ముక్కలు రాయకపోతే నాకు తిన్నది అరగదు. గొప్పవాడని రాయబోవడం లేదు. అలా రాస్తే ఆయనే మొదట నవ్వుతాడు.

ఎనభైల మొదట్లో కువైట్‌లో, రిగ్గైలో ఒక గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. ముగ్గురు కోనసీమ వాళ్ళు, ముగ్గురం కడప వైపు వాళ్ళం. కూరలో బెల్లం పడితే మేం అలిగేవాళ్ళం, కారం ఎక్కువైతే వాళ్ళు అలిగేవాళ్ళు. ఆయన కోనసీమ మనిషి. మా వైపు చిన్నాయన అంటాం గానీ, గదిలో అందరూ బాబాయి అంటుంటే నాకూ అదే అలవాటైంది. ఆయన చెల్లెలి భర్త కూడా మా గదిలోనే ఉండేవాడు. బాబాయి ఆయన్ని బావ అని పిలిచేవాడు, మేమూ బావ అనేవాళ్ళం.

బావా నేనూ సులైబియాలో ఒక గొట్టాల యార్డులో పని చేసేవాళ్ళం. బాబాయి మాత్రం హవల్లీలో వీడియో క్యాసెట్ల షాపులో చల్లగా కూర్చుని చేసే ఉద్యోగం. మాకు కుళ్ళుగానే ఉండేది. అమెరికా నుంచి వచ్చిన అసలు క్యాసెట్‌ను ఒక వీసీఆర్‌లో పెట్టి, పక్క వీసీఆర్‌లోని ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించడం ఆయన పని. తెర మీద ముద్దు వచ్చినా, మందు సీసా వచ్చినా రికార్డింగ్ ఆపేయాలి. అది దాటాక మళ్ళీ నొక్కాలి. రోజంతా ఒక వేలు బటన్ మీద పెట్టుకుని కూర్చునేవాడు. "ఏంటోరా, కళ్ళకీ వేలికీ జీతవిస్తున్నారు, మిగతా ఒళ్ళంతా ఊరికే కూర్చుంటంది" అనేవాడు.

ఆ రోజుల్లో అమెరికా నుంచి ఒక రకం దయ్యాల సినిమాలు వచ్చేవి. ఒకే సినిమాలో మూడు నాలుగు విడి కథలు. ఒక్కో కథ ఆ దేశంలో ఒక్కో ప్రాంతం జనం చెప్పుకునే దయ్యానిది. చిత్తడి నేలల్లో కదిలే దీపం, సముద్రం పక్క పల్లెల్లో ఒంటి తోలు విప్పి కొయ్యకు తగిలించే ముసల్ది, తల లేకుండా రైలు పట్టాల మీద లాంతరు ఊపుకుంటూ తిరిగే గార్డు, రోడ్డు పక్కన నిలబడి లిఫ్టు అడిగే తెల్ల గౌను పిల్ల. ఈ కథలన్నీ కలపడానికి మధ్యమధ్యలో ఒక ముసలాయన వసారాలో ఊగే కుర్చీలో కూర్చుని, దారిన పోయే మనిషికి ఇవి చెబుతుంటాడు. చెబుతున్నంతసేపూ చేతిలో విస్కీ సీసా. సీసా ఉంది కాబట్టి బాబాయి వేలు పని చేసేది. ముసలాయన మొత్తానికి మొత్తం ఎగిరిపోయేవాడు. క్యాసెట్ అట్ట మీద ఊగే కుర్చీలో అంత పెద్ద బొమ్మ, లోపల చూస్తే మనిషి లేడు. క్యాసెట్ తీసుకెళ్ళిన వాళ్ళెవరో వచ్చి ముసలాయనేడని అడిగితే, షాపు ముదీర్, అంటే మేనేజరు, బాబాయి వైపు చూసేవాడట, బాబాయి సీలింగు ఫ్యాను వైపు చూసేవాడట.

శుక్రవారం సెలవు. షాపులో పక్కన పడేసిన పాత వీసీఆర్‌ను దుప్పట్లో చుట్టుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చేవాడు. దూదిని స్పిరిట్‌లో ముంచి దాని లోపల శుభ్రంగా తుడిచేవాడు. మిట్టమధ్యాహ్నం, బయట ఎండకు రోడ్డు కరుగుతుంటే, కిటికీకి కంబళి మేకులతో కొట్టి, కూలరు పెట్టుకుని మేం అమెరికా దయ్యాల్ని చూసేవాళ్ళం. రాత్రిపూట చూపించేవాడు కాదు. "భయపడాలంటే అన్నం తిని, తీరిగ్గా కూర్చుని భయపడాల్రా. పడుకుని భయపడితే పొద్దున్న డ్యూటీకెవడెళ్తాడు?" అనేవాడు.

ఆయనకు ఇంగ్లీషు మా అందరికంటే రెండు ముక్కలు ఎక్కువ వచ్చు, అంతే. టీవీ పక్కన స్టూలు వేసుకుని, తెర వైపు సగం, మా వైపు సగం తిరిగి కూర్చుని కథ తెలుగులో చెప్పేవాడు. మొదటిసారి నాలుగు కథల సినిమా పెట్టినప్పుడు, మధ్యలో ముసలాయన లేడు గదా, ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలైందని మాకెవరికీ తెలియలేదు. రెండో కథ సగంలో ఉండగా బావ అడిగాడు.

"ఇందాక దీపం ఎనకాల ఊబిలోకెళ్ళిపోయిన పిల్లేవైంది బావా?"

కత్తిరించింది తానే అని చెప్పుకోవడానికి బాబాయికి మొహం చెల్లలేదు. "వస్తంది. ఊబిలోంచి తేలి, పనికోసం పై జిల్లాకొచ్చింది. ఈ తోలు విప్పే ముసల్దాని ఇంట్లోనే పనికి కుదిరింది, చూడు" అన్నాడు.

ఇక అంతే. నాలుగు కథలూ ఒకే కథ అయిపోయాయి. ఆ పిల్ల ముసల్దాని తోలులో ఉప్పూకారం పోసి తప్పించుకుంది. పారిపోయి రైలెక్కింది. ఆ రైల్లో గార్డే లాంతరు మనిషి. చివరికి రోడ్డు మీద నిలబడి ఇంటికి లిఫ్టు అడిగింది. కారాయన ఇంటి ముందు ఆపి వెనక్కి తిరిగి చూస్తే సీట్లో ఎవరూ ఉండరు. మేం గుండెలు పట్టుకున్నాం. బాబాయి మాత్రం తాపీగా, "భయపడతారేంట్రా. దిగి ఇంట్లోకెళ్ళిపోయింది. ఇల్లొస్తే ఎవరన్నా కార్లో కూర్చుంటారా?" అన్నాడు. ఇళ్ళకు వెళ్ళి మూడేళ్ళైన వాళ్ళం ఆ గదిలో నలుగురం ఉన్నాం.

తర్వాత ఏ సినిమా తెచ్చినా అదే వరస. ఆయన ముందుగా అడిగి తెలుసుకునేది ఒక్కటే, ఆ దయ్యం ఏ రాష్ట్రానిది అని. షాపుకొచ్చే మలయాళీ నర్సు ఒకామె చదివి చెప్పేది. "దయ్యానిక్కూడా ఊరుంటుందిరా. ఏ ఊరిదో తెలిస్తే సగం భయం పోద్ది" అనేవాడు. చిత్తడి దయ్యాలన్నీ వాళ్ళ లంకలకు, రాళ్ళగుట్టల దయ్యాలన్నీ మా రాయచోటి వైపుకు పంచేసేవాడు. మా దయ్యానికి బలం ఎక్కువని మేం వాదించేవాళ్ళం.

ఇప్పుడు రాయాల్సింది రాయాలి.

మరుసటేడు ఎండాకాలంలో సులైబియా యార్డులో బావ పోయాడు. గొట్టాల కట్టకు ఆయన కింద తాడు వేయాలి, పక్కకు జరగాలి. ఆయన జరిగాడని చూసి నేను విజిల్ వేయాలి. విజిల్ వింటే క్రేను నడిపేవాడు కట్టను ఎత్తుతాడు. పొద్దుటి నుంచీ నాకు గొంతు ఎండిపోయి ఉంది. ఎప్పుడు ఆ కట్ట పైకి లేస్తుందా, ఎప్పుడు వెళ్ళి నీళ్ళు తాగుదామా అని ఉంది. చూడకుండా విజిల్ వేశాను. బావ ఇంకా కట్ట కిందే ఉన్నాడు, లేచిన గొట్టాలు ఊగి ఆయన్ని కొట్టాయి.

తాడు జారిందని కాగితాల్లో రాశారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. యార్డు ముదీర్ రెండు రోజులాగి "ఖలాస్, యల్లా" అన్నాడు, అయిపోయింది, ఇక పనికి పదండి అని. శవం ఇంటికి పోవడానికి మూడు వారాలు పట్టింది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర ఉండి బాబాయికి వెంట వెళ్ళే వీలు లేకపోయింది. చెల్లెలికి ఉత్తరం రాసుకుని, దాన్నే బావ పెట్టెలో పెట్టి పంపాడు. వచ్చి నా పక్క మంచం మీద పడుకున్నాడు. ఆ పక్కనే నేను రెండు నెలలు పడుకున్నాను, చెప్పకుండా.

సిగ్గుతో రాస్తున్నాను, ఆ రెండు నెలలూ నా భయం బావ దయ్యమై వస్తాడని కాదు. బాబాయికి తెలుస్తుందని. తెలిస్తే గదిలోంచి పొమ్మంటాడు, పోలీసులకు చెబుతాడు, ఇంటికి పంపించేస్తారు. అన్నిటికంటే, శుక్రవారం నన్ను కూర్చోనివ్వడు.

ఒక శుక్రవారం మళ్ళీ ఆ లాంతరు గార్డు కథ ఉన్న క్యాసెట్టే తెచ్చాడు. అంతకు ముందు ఆ గార్డు గురించి పెద్దగా చెప్పేవాడు కాదు, పిల్ల కథ మీదే ఉండేవాడు. ఆ రోజు చెప్పాడు. "ఈడి తప్పేవీ లేదురా. వెనకాల రైలొస్తందని లాంతరు ఊపుతూనే ఉన్నాడు. ఆ రైలు నడిపేవోడు చూళ్ళేదు. చూసుంటే ఈడు బతికేవోడు."

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకు తెలియదు.

"బాబాయ్, బావ కింద ఉండంగానే నేను విజిలేసినా. చూడకుండా వేసినా. తాడు జారలా" అన్నాను.

బాబాయి చెయ్యి చాపి బటన్ నొక్కాడు. తెర మీద లాంతరు ఆగిపోయి వణుకుతోంది. తర్వాత మళ్ళీ బటన్ నొక్కి, మిగతా కథంతా చెప్పాడు. ఒక్క ముక్క వదల్లేదు. పిల్ల రోడ్డు మీదికొచ్చింది, కారెక్కింది, ఇల్లొచ్చింది, దిగింది. క్యాసెట్ తీశాడు. కంబళి మేకులు ఊడదీసి, దాన్ని మడతపెట్టి, వీసీఆర్ దుప్పట్లో చుట్టుకుని షాపుకు వెళ్ళిపోయాడు.

నెలన్నర నాతో మాట్లాడలేదు. వంట ఆయన వంతు వచ్చిన రోజు నా అన్నం మాత్రం మూత పెట్టి ఉంచేవాడు. శుక్రవారాలు గదిలో సినిమా లేదు. మిగతావాళ్ళు నన్ను తిట్టలేదు, పలకరించనూ లేదు. వేరే గది చూసుకుందామని ట్రంకు సర్దుకున్నాను, కానీ కదల్లేదు.

ఒక శుక్రవారం వీసీఆర్ తెచ్చాడు. నేను బయటికి పోబోతుంటే, "ఎక్కడికి? కూర్చో. ఇది మంచు పడే జిల్లాదంట" అన్నాడు. కూర్చున్నాను. ఆ రోజు ఏం చూశానో ఇప్పుడు చెప్పలేను. అయ్యాక బస్సు దాకా నన్ను రమ్మన్నాడు. నడుస్తూ రెండే ప్రశ్నలు అడిగాడు.

"ఆఖర్న ఏవన్నా అన్నాడా?"

"తెల్దు బాబాయ్. నేను దగ్గరికి పోలా."

"ఎవరున్నారు దగ్గర?"

"ఎవురూ లేరు. అందరూ చేరేసరికే అయిపోయింది."

తలూపి బస్సెక్కాడు. ఆ తర్వాత కువైట్‌లో ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఎత్తలేదు. క్షమించానని ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు. ఎనభైల చివర్లో "ఖలాస్ రా, ఇంక కళ్ళు పన్జెయ్యట్లేదు" అని ఇఖామా, అదే అక్కడ ఉండే పర్మిటు, రద్దు చేయించుకుని ఊరెళ్ళిపోయాడు. అప్పుడప్పుడూ ఫోన్ చేసుకునేవాళ్ళం. మోకాళ్ళ గురించి, ఎండల గురించి మాట్లాడుకునేవాళ్ళం.

పదకొండో రోజుకు వెళ్ళాను. రెండు బస్సులు, ఒక రైలు, ఒక ఆటో. ఫోన్ చేసినామె వాకిట్లోకి ఎదురొచ్చింది. బావ కూతురు. బావ పోయినప్పుడు మూడేళ్ళ పిల్ల, ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. కాళ్ళకు నీళ్ళిచ్చింది. భోజనాలకు అందరికంటే ముందు నన్నే కూర్చోబెట్టింది. పక్కన ఎవరో "ఎవరమ్మా ఈయన?" అంటే, "మా నాన్న దగ్గరున్నాయనండి" అంది.

నాకు అర్థం కాలేదు. నా విస్తట్లో నెయ్యి వేస్తూ ఆమే చెప్పింది.

"మావయ్య అమ్మకి రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉందండి. నాన్న తల మీ ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పట్టారంట గదండీ. ఒంటరిగా పోలేదు, కడప కుర్రోడు చెయ్యట్టుకుని ఉన్నాడని రాశారు. అమ్మ పోయేదాకా మిమ్మల్ని తలుచుకునేదండి. అంత దూరంలో నీళ్ళు పట్టే చెయ్యొకటుంది, చాలు అనేది."

ఆ ఉత్తరం పంపింది బావ పెట్టెతో కదా అన్నాను. "ఆయ్, అది ముందు రాసిందండి. ఇది తర్వాత నాలుగు నెల్లకి వచ్చింది" అంది.

నేను నోరు తెరిచాను. ఆమె ఇంకో గరిటె పప్పు వేసింది. ఆమె ముఖంలో తండ్రిని చూసినంత నెమ్మది ఉంది. వద్దనలేక, నిజం చెప్పలేక, వేసిందల్లా తిన్నాను. సాయంత్రం బస్సెక్కించి, బస్సు కదిలేదాకా నిలబడింది.

ఈ పత్రిక ఆమె ఇంటికీ వెళుతుందని ఆ రోజు బల్ల మీద చూశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. బాబాయి ఇచ్చిన ఆ చోటు నాది కాదు తల్లీ. నేను మీ నాన్న దగ్గర లేను. షెడ్డు అవతల నీళ్ళ పీపా దగ్గర ఉన్నాను. కేకలు విని తిరిగి చూస్తే జనం చేరారు, వాళ్ళ కాళ్ళ సందులోంచి మీ నాన్న చెప్పు ఒకటి కనిపించింది. నా చేతిలో గ్లాసు ఖాళీ అయింది. నేను అక్కడే నిలబడి, దాన్ని మళ్ళీ నింపుకుని, తాగాను.