మెహ్రీన్ చేసిన డీజిల్ మోత

మెహ్రీన్ అమీర్‌పేటలో ఎన్నో ఏళ్లు ఎంబెడెడ్ సిస్టమ్స్ చెప్పింది. చిప్‌లో ప్రోగ్రాం ఎక్కించి మోటారు తిప్పించడం, బల్బు వెలిగించడం ఆమె క్లాసు. ఒకప్పుడు కూర్చోడానికి చోటు లేక గుమ్మంలో నిలబడి వినేవాళ్లు. తర్వాత పిల్లలంతా క్లౌడ్ అన్నారు, ఏఐ అన్నారు. ఓ సోమవారం ఆమె వెళ్లేసరికి తన గది తలుపు మీద వేరే కోర్సు స్టిక్కర్ అంటించి ఉంది. ముందు చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

అప్పుడు ఫోన్ చేసినవాడు సురేందర్. ఒకనాటి ఆమె విద్యార్థే. పంజాగుట్టలో ఓ కాంప్లెక్సు పైఅంతస్తులో మోడల్ రైళ్ల దుకాణం పెట్టాడు. పిల్లలాడుకునేవి కావవి. సోమాజిగూడ డాక్టర్లు, రిటైరైన ఆఫీసర్లు గది నిండా పట్టాలు పరుచుకుని నడుపుకునేవి. ఇంజన్ అరచేతిలో పడుతుంది. దాని కడుపులో గోరంత చిప్ ఉంటుంది, డికోడర్ అంటారు. ఇంజన్ ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఎలా మోగాలో చెప్పేది అదే.

"మేడం, మీకంటే బాగ ఎవరికొస్తది? దుకాణం మనదే అనుకోండ్రి," అన్నాడు సురేందర్.

ఆమె వెళ్లింది. కొన్నాళ్లకే ఒక సంగతి గమనించింది. డికోడర్లలో ఉన్నవన్నీ విదేశీ ఇంజన్ల శబ్దాలు. పైన మన ఇంజన్ బొమ్మ, లోపల జర్మనీ కూత. ఆ మాట ఇంట్లో చెబితే ఆమె తండ్రి సమద్ చాలాసేపు నవ్వాడు. ఆయన డీజిల్ ఇంజన్లు నడిపి రిటైరైనవాడు. ఆ మోత పక్కనే ఉద్యోగమంతా గడిచి చెవులు దెబ్బతిన్నాయి. చెవిమిషన్ పెట్టుకుంటే ఎదురుగా మాట్లాడేవాళ్ల మాటలు అందుతాయి, దూరంగా మాట్లాడితే గొణుగుడే.

"గా పాత డీజిల్ ఇంక ఒకటి యార్డుల ఉన్నదంట బేటా, డబ్బాలు అటూ ఇటూ తోస్తదంట. కరెంటు ఇంజన్లొచ్చినయి గదా, ఇగ తుక్కుకే. పోదామా?"

ఆయన పాత సహాయకుడొకడు ఇప్పుడు ఆ యార్డులోనే పెద్ద ఉద్యోగి. అనుమతి దొరికింది. ఎండలో ఇంజన్ పక్కన మైకు పట్టుకుని మెహ్రీన్, పైన క్యాబ్‌లో సమద్. ఆయన వేగం మీట ఒక్కో మెట్టూ పెంచుతూ, ఎన్నో మెట్టో కిటికీలోంచి వేళ్లతో చూపించాడు. మెట్టుకో మోత. బ్రేకు గాలి, కంప్రెసర్ దగ్గు, అన్నీ పట్టుకున్నారు. చివరికి హారన్ ఆయనే కొట్టాడు. పొడుగ్గా లాగి, ఆఖర్న చిన్నగా వంచి వదిలేయడం ఆయన అలవాటు. డ్యూటీ దిగబోతూ ఆయన కొట్టే ఆ కూత ఇంటిదాకా వినిపిస్తే వంటగదిలో అమ్మ బియ్యం కడగడం మొదలుపెట్టేది. ఆమె పోయి చాలాకాలమైంది.

ఆ శబ్దాలను ముక్కలు చేసి, ముక్కకు ముక్క అతుకు తెలియకుండా కలిపి, మోటారు వేగానికి ముడిపెట్టడానికి వానాకాలం వెళ్లింది, చలికాలమూ వెళ్లింది. ఇంజన్ బరువు లాగుతుంటే మోత బరువెక్కాలి, దిగువకు జారుతుంటే సన్నగిల్లాలి. మొదటి డికోడర్‌ను తండ్రి కోసం కొన్న ఇంజన్‌లోనే బిగించింది. సమద్ చెవిమిషన్ తీసేసి, మోత అదురు తెలిసేలా ఇంజన్‌ను ఎత్తి చెవి వెనక ఎముకకు ఆనించుకున్నాడు.

"ఇదే. గిదే," అన్నాడు.

సురేందర్ విని ఎగిరి గంతేశాడు. "అమ్మే డబ్బా మీద మనిద్దరి పేర్లుంటయి మేడం."

సోమాజిగూడలో ఓ హోటల్ హాల్లో మోడల్ రైళ్లవాళ్ల సభ జరిగింది. తండ్రికి ఇస్త్రీ చొక్కా తొడిగించి తీసుకుపోయింది. గోడ మీద పెద్ద బ్యానర్: రూపకల్పన, సురేందర్. వేదికెక్కి అతను చెప్పాడు, తాను ఎండలో యార్డులో నిలబడి రికార్డు చేశానని, ఒక ముసలి డ్రైవర్‌ను బతిమాలి హారన్ కొట్టించానని. బ్యానర్ ఇంగ్లిషులో ఉంది, మాటలు మైకులోంచి వస్తున్నాయి. సమద్‌కు ఏదీ అందలేదు. ఇంజన్ మోగగానే మాత్రం లేచి నిలబడి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఇంటికొస్తూ ఆటోలో అడిగాడు. "నీ పేరు చెప్పిండా బేటా?"

మెహ్రీన్ బయటికి చూస్తూ, "చెప్పిండు అబ్బా," అంది.

మర్నాడు సురేందర్‌ను నిలదీసింది. అతను తడబడనైనా లేదు. "కంపెనీవాళ్లకు ఒక్క పేరే కావాలంట మేడం. బ్రాండ్ అంటే గట్లనే ఉంటది. మీకేం ఫికర్? పని మీదే గదా." ఆ శబ్దం అమ్మడానికి డికోడర్లు చేసే విదేశీ కంపెనీతో అప్పటికే ఒప్పందమైపోయింది. మానేయాల్సింది. మానేస్తే తండ్రికి కారణం చెప్పాలి. ఎస్.ఆర్. నగర్‌లో రెండు గదుల ఇంట్లో రోజంతా ఆయన ఎదురుగానే ఉండాలి. అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికే రోజూ పనికి పోయింది.

కొన్నాళ్లకు కంపెనీ కొత్త అప్‌డేట్ పంపింది. నెమ్మదిగా నడిపేటప్పుడు ఇంజన్లు కుదుపుగా కదులుతున్నాయని, అది సరిచేశామని రాశారు. కొన్నవాళ్లంతా ఇంజన్లు తెచ్చిచ్చారు. ప్రోగ్రామింగ్ పట్టా మీద ఒక్కోదాన్ని పెట్టి, కంప్యూటర్ నుంచి మెహ్రీనే ఎక్కించింది. తండ్రి ఇంజనూ కుదుపుగానే నడుస్తోందని దానికీ ఎక్కించింది.

ఇంజన్ వెన్నలా కదిలింది. మోత లేదు. హారన్ నొక్కితే లేదు. తెర మీద ఒక వాక్యం: ఈ శబ్దానికి అనుమతి కోడ్ కావాలి. దుకాణంలో కొన్న ప్రతి డికోడర్‌కూ కోడ్ ఉంది. తండ్రి ఇంజన్‌లోని డికోడర్ కొన్నది కాదు, అమ్మకాలకు ముందే ఆమె చేసింది. వెనక్కి, పాత వెర్షన్‌కు పోదామంటే కొత్తది ఒప్పుకోదు.

ఆమె వెళ్లి సురేందర్‌ను అడిగింది.

"గంత మాటనా మేడం! ఇప్పుడే ఇస్త," అన్నాడు అతను. తర్వాత ఫోన్ తీసి మోడల్ రైళ్లవాళ్ల వాట్సాప్ గ్రూపు చూపించాడు. "గీ అచ్యుతరావు సార్ ఒకటే అడుగుతుండు, నిజంగ ఎవరు చేసిండ్రు అని. జర మీరే ఒక్క ముక్క రాయండ్రి, సురేందరే చేసిండు, నేను సాయం చేసిన అని. కోడ్ పంపిస్త."

మెహ్రీన్ అక్కడే నిలబడి గ్రూపులో రాసింది: "రికార్డింగ్, ప్రోగ్రామింగ్ నావి. హారన్ మా నాన్న సమద్‌ది." పంపించి, తన స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని మెట్లు దిగింది.

గ్రూపులో ఎవరో "ప్రూఫ్ ఉందా మేడం?" అన్నారు. సొంత గొడవలు ఇక్కడొద్దంటూ అడ్మిన్ ఆ మెసేజీ తీసేశాడు. అచ్యుతరావు గారు మాత్రం ఫోన్ చేశారు.

"నాకు ముందే అనుమానమమ్మా. చేసింది మీరేనని నమ్ముతున్నాను. కానీ ఏం చేస్తాం చెప్పండి? ఊళ్లో మాకు డికోడర్లు తెప్పించేవాడు అతనొక్కడే. అతన్ని కాదంటే మా రైళ్లు ఆగిపోతాయి."

"ఆగనీయకండి సార్," అని ఫోన్ పెట్టేసింది.

సమద్ ఇంజన్‌ను మళ్లీ మళ్లీ చెవి వెనక ఆనించుకుని చూస్తున్నాడు. తన చెవులు పూర్తిగా పోయాయని భయపడుతున్నాడు. డాక్టర్ దగ్గరికి పోదామన్నాడు. ఇక దాచలేక, ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది. బ్యానర్, అతని ప్రసంగం, ఆటోలో తనాడిన అబద్ధం.

ఆయన సురేందర్‌ను ఒక్క మాట అనలేదు. కూతురి వైపే చూశాడు.

"అంటే నేను లేచి నిలబడి గాయనకు చప్పట్లు కొట్టిన్నా?"

ఆమె ఔనని తలూపింది.

"అందరు చూసిండ్రు. ముసలోడు ఏం సమజ్ కాక కొడుతుండని నవ్వుకున్నరు. నువ్వు నా పక్కనే కూసున్నవ్. చెయ్యి పట్టి గుంజి కూసోబెట్టద్దా?"

"అబ్బా, నీ సంతోషం చూసి..."

"నా సంతోషం!" అంటూ ఆయన చెవిమిషన్ తీసి బల్ల మీద పెట్టాడు. ఇక ఆమె ఏం చెప్పినా వినిపించదు.

మెహ్రీన్ దగ్గర అసలు రికార్డింగులున్నాయి. వేరే కంపెనీ డికోడర్ తెప్పించి, అన్నీ మళ్లీ అతికించి కొత్తది తయారుచేసింది. కానీ బిగించబోతే సమద్ ఇంజన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. అది మోగితే నాకు యార్డు యాదికి రాదు. హాలే యాదికొస్తది."

ఆమె ఇప్పుడు లిఫ్టుల కంట్రోల్ బోర్డులు బాగుచేసే కంపెనీలో చేరింది. ఆ పాత డీజిల్‌ను యార్డులో ముక్కలుగా కోసేశారని కబురొచ్చింది. సురేందర్ దుకాణం కిందికి, రోడ్డు మీదికి మారింది. గిరాకీ కోసం రోజంతా ఆ శబ్దాన్నే స్పీకర్లో మోగిస్తాడు. పనిమీద పంజాగుట్ట సెంటర్ దాటాల్సి వచ్చినప్పుడల్లా ట్రాఫిక్‌లోంచి తండ్రి హారన్ వినిపిస్తుంది. పొడుగ్గా లాగి, ఆఖర్న వంపు. మెహ్రీన్ స్కూటర్ ఆపదు. ఇంటికొచ్చి ఆ సంగతి తండ్రికి చెప్పదు. ఆయనా అడగడు.