నీళ్ళు లేని చెరువులో చేపలు చూసొచ్చాను

ఈ మధ్య దర్జీలు చొక్కా జేబుల లోతు తగ్గించేశారు. కిందటి గురువారం పొద్దున నూజివీడు బస్టాండులో చెప్పు సరిచేసుకుందామని వంగితే కళ్ళజోడు, ఫోను, చిల్లర మూడూ వరసగా నేలమీదికి దూకాయి. గుడ్డ మనదే, కుట్టుకూలీ మనదే. ఆ మిగిలిన రెండంగుళాల గుడ్డ ఎవరు మింగుతున్నారో నాకు తెలియాలి. అలా ఏడింటికే తల వేడెక్కింది. రోజంతా చల్లారలేదు.

నేను బయల్దేరింది నాగమణి మాట మీద. ముసునూరు అవతల పల్లె నుంచి మా వీధికి ఏళ్ళ తరబడి చేపలు తెస్తున్న మనిషి. వాళ్ళ ఊరి చెరువులో చేపలు పట్టుకునే హక్కు ఆమె కుటుంబానిది. అది చేపపిల్లల్ని కొనుక్కొచ్చి వదిలే చెరువు కాదు. వేసవి గడిచి బతికిన చేపలే తొలకరికి గుడ్లు పెట్టాలి, వాటితోనే వీళ్ళ ఏడాది గడవాలి. మొన్న ఖాళీ చేతులతో వచ్చి, "చెరువు ఎండిపోయింది బాబాయ్, కానీ చేపలున్నాయి. మామిడి తోటలకి మట్టి తోలాలని తవ్వే మిషన్ దించుతున్నారంట" అంది.

"నీళ్ళు లేకుండా చేపలెక్కడున్నాయే, మీ ఇంట్లో మంచం మీదా?" అన్నాను. ఎప్పుడూ ఎదురు సమాధానం చెప్పే మనిషి నవ్వలేదు. "వచ్చి చూడండి" అంది, అంతే.

ఏడుంపావుకి పల్లె బస్సు దొరికింది. నాకు టికెట్టు పాతిక, పక్క సీట్లో ఆవిడకి ఉచితం. "నా డబ్బుల్లో సగం నీ ప్రయాణానికేనమ్మా, ఆ కిటికీ పక్కకి నన్ను రానియ్యి" అన్నాను. "ఈసారి చీర కట్టుకు రండి తాతగారూ, నాలాగే ఊరికే కూచుందురు" అంది. బస్సంతా నవ్వింది. దారి పొడుగునా తోటల్లో కాయ కోత నడుస్తోంది. ట్రేలు పేర్చిన ట్రాక్టర్లు అడ్డం పడడంతో ముసునూరు చేరేసరికి ఎనిమిది దాటింది. అక్కణ్ణుంచి షేర్ ఆటో ముప్పై రూపాయలు.

"ఆ చెరువుకెందుకండీ? చుక్క నీళ్ళు లేవు. చచ్చిపోయిందండీ అది" అన్నాడు ఆటో డ్రైవరు.

"నాడి పట్టుకు చూశావా?" అన్నాను.

చెరువు నిజంగానే నెర్రెలిచ్చి ఉంది. నడిమధ్య గుంటలో మాత్రం మట్టి నల్లగా, చెమ్మగా ఉంది. నాగమణి గట్టు మీదే ఆపింది. "చెప్పులిప్పండి. మెల్లగా నడవండి, వినపడుద్ది."

"ఎవరికి?"

"వాటికి."

డెబ్బై ఏళ్ళ వయసులో దొంగలా మునివేళ్ళ మీద నడిచాను. గుంటలో అక్కడక్కడా వేలు పట్టేంత బొక్కలున్నాయి. అవి చేపలు ఊపిరి పీల్చుకునే దారులట. ఆమె మోకాళ్ళ మీద కూచుని, ఒక బొక్క పక్కనుంచి మోచేతి దాకా చెయ్యి దించి, నల్లటి చేపని పైకి తీసింది. ఒళ్ళంతా జిగురు, మూతి చుట్టూ ఎనిమిది మీసాలు. మార్పు అంటారు దాన్ని. మొప్పలతో పాటు గాలి పీల్చే ఏర్పాటు కూడా ఉన్న చేప. నీళ్ళు పోతే బురదలోకి దిగి, కదలకుండా, తిండి లేకుండా వాన కోసం చూస్తుంది.

"కళ్ళు ఇంతింతే ఉన్నాయేంటే?"

"బురదలో కళ్ళకేం పని బాబాయ్? మీసాలతోనే రుచి చూసుకుంటది."

"మీ ఆయనకీ మీసాలున్నాయిగా. కూరలో ఉప్పు అలాగే చూస్తాడా?"

ఈసారి నవ్వింది. చేపని మళ్ళీ బొక్కలోకి జార్చి, పైన తడి మట్టి మెత్తగా అద్దింది, పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు.

తొమ్మిదింటికి గట్టు దిగి మిషన్ వచ్చింది. నా అరికాళ్ళ కింద నేల వణికింది. బొక్కల్లో బురద బుడగలు చిట్లి, ఒక్కొక్కటే పూడుకుపోయాయి. "లోపలికి పోతన్నాయి" అంది నాగమణి. "కొంగ అడుగు పడ్డా, నక్క గోకినా ఇలాగే లోపలికి పోతాయి. అలాగే బతికినయ్ ఇన్నాళ్ళూ."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒంటితోనే చప్పుడు పసిగట్టే జీవం. అపాయం వస్తే లోపలికి పోవాలని ఎన్ని తరాలుగా నేర్చుకుందో! ఇప్పుడు ఆ ఇనప బకెట్టూ లోపలికే వస్తుంది. ఇన్నాళ్ళూ కాపాడిన తెలివే దాన్ని చంపుతుంది. నేనూ తోటలు కౌలుకి చేసినవాణ్ణే, చెరువు మట్టి తోలించినవాణ్ణే. కానీ అప్పుడు పారతో తవ్వేవాళ్ళు. పార కింద ఏదైనా మెదిలితే మనిషి చేతికి తెలిసేది, ఆగేవాడు. పైన ఏసీలో కూచున్నవాడికి ఏం తెలుస్తుంది?

నాగమణి మట్టి తోలిస్తున్న కాంట్రాక్టరుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "సార్, నడిమి గుంటలో మార్పులున్నాయండీ. అక్కడ తవ్వొద్దండీ."

"మార్పులేంటమ్మా? నా కాగితంలో ఏ మార్పూ లేదు. ఉంటే ఆఫీసు నుంచి రావాలి."

"ఆఫీసు నుంచి కాదండీ, మట్టిలోంచొస్తాయండీ."

ఫోన్ కట్టయింది. వేరే రోజైతే పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. ఆమె గట్టు మీద కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకుంది. నేను చెప్పులేసుకుని మిషన్ దగ్గరికి నడిచాను. డ్రైవరుతో రెండు ముక్కలు మాట్లాడాను. బకెట్ పైకి లేచింది. మిషన్ గుంటని వదిలి పడమటి మెరక వైపు తిరిగింది. మట్టి కోసం వచ్చిన ట్రాక్టర్లన్నీ ఆ వెనకే వెళ్ళాయి.

మంగళవారం రాత్రి గాలివాన పడింది. గుంటలో నీళ్ళు నిలిచాయని, మీసాలు పైకి తేలాయని పొద్దున్నే నాగమణి ఫోన్ చేసింది. నా కోపం మాత్రం పోలేదు. కళ్ళు కనపడని బురదలో బతకడం ఆ చేప నేర్చుకుంది, నీళ్ళు లేకుండా ఉండడం నేర్చుకుంది. రెండు కళ్ళూ, చేతిలో కాగితమూ ఉన్న మనం, ఒక్క పూట వంగి చూడడం నేర్చుకోలేదు. మీరు వెళ్ళాలనుకుంటే మే నెలలో తొమ్మిదిలోపే వెళ్ళండి, ఎండెక్కితే చెరువులో కాళ్ళు కాలిపోతాయి. మార్పుని మీరు మాత్రం పట్టుకోవద్దు. రెక్క ముల్లు గుచ్చుకుంటే సాయంత్రం దాకా సలుపుతుంది.

ఇక ఆ మిషన్ డ్రైవరుతో ఏం మాట్లాడానో చెప్పేస్తాను. "నడిమి గుంటలో మార్పుంది బాబూ, మెరక వైపు కానియ్యి. మీ సారుతో ఇప్పుడే ఫోన్లో మాట్లాడాం" అన్నాను. అందులో ఒక్క అబద్ధం ఉంటే చూపించండి. మార్పు అంటే చేప అని మాత్రం చెప్పలేదు. అయితే నాగమణి ఆ సారు మనసు కరిగిందనుకుని, నిన్న బుట్టెడు చిన్నరసాలు తీసుకెళ్ళి ఆయనకిచ్చి దణ్ణం పెట్టొచ్చిందట. నిజం చెబుదామంటే ఆయన చెవిన పడుతుంది, గుంట ఆరగానే మిషన్ మళ్ళీ అందులోకి వస్తుంది. అందుకని నోరు మూసుకుని, బజార్లో కొనుక్కున్న పుల్లటి కాయ తింటున్నాను.