ఖాళీ బిళ్ళ

ఇంజెక్షనుకు ముందు నర్సు జబ్బకు స్పిరిటు దూది రాసింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే సుభద్ర మేడమ్ గుర్తొచ్చింది. ఇన్నేళ్లయినా ఆ వాసన నన్ను వదలదు, ఆవిడ మీద కోపమూ వదలదు.

ఖిదిర్‌పూర్ ఓడరేవుకు వలసొచ్చిన తెలుగు కూలీ కూతుర్ని నేను. కాలేజీలో బెంగాలీ పిల్లల వెనక నక్కి కూర్చుంటే, మేడమే తెలుగులో పలకరించి ల్యాబ్‌లోకి లాక్కుపోయింది. వేపాకును స్పిరిటులో నానబెట్టి, ఆ రసం చిన్న కాగితపు బిళ్ళలకు పట్టించి, బూజు పెంచే గాజు పళ్లెంలో పెట్టేవాళ్లం. బిళ్ళ చుట్టూ బూజు రాకపోతే ఆకులో సత్తువ ఉన్నట్టు. పక్కనే వట్టి స్పిరిటు పట్టించిన ఖాళీ బిళ్ళ ఒకటి. "అన్నీ బాగా ఆరాకే పెట్టు. ఖాళీ బిళ్ళ చుట్టూ బూజు పెరగాలి. లేదంటే మనం చెప్పేవన్నీ కోతలే," అనేది. చదువంటే ఏమిటో నాకు నేర్పింది ఆ మాటే.

నాన్నకు షుగరు. రోజంతా తడిలో పని, కాలివేళ్ల సందుల్లో తామర. అదీ ఒక రకం బూజే. ఆకు గెలిస్తే ఆయన కాలు బాగుపడుతుందని నా ఆత్రం. ఆ ఆత్రంలోనే ఒకసారి బిళ్ళలు ఆరకముందే పెట్టేశాను. మూడోరోజు చూస్తే వేపరసం బిళ్ళ చుట్టూ బూజు లేదు. ఖాళీ బిళ్ళ చుట్టూ కూడా లేదు! ఆపింది ఆకో, స్పిరిటో ఎవరు చెప్పగలరు?

"మళ్లీ చేస్తాను మేడమ్, వారం చాలు," అన్నాను ఏడుపుమొహంతో.

"వారం ఎక్కడిది? ఎల్లుండే కాలేజీ పెద్దవాళ్లకు చూపించాలి. ఆ ఖాళీ బిళ్ళ కనబడకుండా ఫోటో తియ్యి," అంది, నా మొహం చూడకుండా.

తీశాను. కాదనడానికి ఏం మాయరోగం వచ్చింది నా నోటికి!

అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న ఆ ఫోటో జేబులో పెట్టుకుని రేవంతా తిరిగాడు. "మా గుంట కనిపెట్టినాది దాదా, ఈ ఆకు!" డాక్టరిచ్చిన పూతమందు మానేసి వేపాకు నూరి రాసుకున్నాడు. రోజూ చూశాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. వానలు తగ్గేసరికి కాలు చీము పట్టింది. ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

మేడమ్ ఆపిల్ పళ్లు పట్టుకుని చూడ్డానికొచ్చింది. కట్టు వైపే చూస్తూ పళ్లు బల్ల మీద పెట్టింది. నాన్నే ఆవిడకు చేతులెత్తి దండం పెట్టాడు.

"మీ ఆకు మంచిదేనమ్మా. నానే తడి కాళ్లకి రాసీసినాను. ఆరనివ్వలేదు. తప్పు నాదే."

మేడమ్ నావైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. పిల్లలు పళ్లెం తేగానే ముందు ఖాళీ బిళ్ళ చూపించమంటాను. చాదస్తం అని వెనక నవ్వుకుంటారు, నవ్వుకోనీ. మేడమ్‌ను ఎంత తిట్టుకున్నా ఒకటి మాత్రం ఆవిడ మీదికి నెట్టలేను. నాన్న పోయేదాకా ఆ తప్పు తనదే అనుకున్నాడు. అలా అనుకోనిచ్చింది నేను.