స్ట్రోక్ తర్వాత నా మొదటి మాట

నేను కొల్లేటి ఒడ్డున ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఆ ఉదయం మూడో తరగతి పిల్లలకు గుణింతాలు రాస్తుంటే చేతిలోంచి సుద్దముక్క జారిపోయింది. "కూర్చోండి" అనబోతే నోట్లోంచి ఏదో అర్థంలేని శబ్దం వచ్చింది. పిల్లలు నవ్వారు. ఆ నవ్వులు విని వచ్చిన పక్క గది టీచర్ సువర్ణ మాత్రం నవ్వలేదు.

"మేడమ్, మీ మూతి వంకరపోతోందండీ!"

గడియారం చూసి, ఎప్పుడు మొదలైందో డాక్టరుకి చెప్పడానికి పది ఇరవై అని అరచేతిలో రాసుకుని, నన్ను ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారిలోనే మా ఆయన ప్రసాద్ గారికి ఫోన్ చేసింది.

సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదు. "ఇస్కీమిక్ స్ట్రోకండీ. రక్తపు గడ్డ అడ్డుపడి మెదడుకి రక్తం ఆగింది. టైముకి తెచ్చారు," అని డాక్టరుగారు గడ్డ కరగడానికి ఇంజెక్షన్ చేయించారు. మర్నాడు ఎంఆర్ఐలో మెదడు ఎడమవైపు చిన్న తెల్లమచ్చ కనిపించింది. చెయ్యి కదిలింది కానీ మాట రాలేదు. మింగడం కూడా సరిగా లేదని, నోటితో ఏమీ ఇవ్వొద్దని చెప్పి, ఆహారానికి ముక్కులోంచి ట్యూబ్ వేశారు. మాట లేని టీచరు బడికెళ్లి ఏం చేస్తుంది? దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను.

మూడో రోజు జ్వరం, ఆయాసం. రక్తపరీక్షలో సీఆర్పీ బాగా పెరిగింది. మళ్లీ స్ట్రోకేమోనని ఇంకోసారి ఎంఆర్ఐ తీశారు. కొత్త మచ్చ లేదు.

"సీఆర్పీ ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెబుతుందండీ. స్ట్రోక్‌కి కొంత పెరుగుతుంది. ఇంత పెరిగిందంటే ఇంకెక్కడో ఇన్ఫెక్షన్ ఉండాలి," అని డాక్టరుగారు మా ఆయనకేసి తిరిగారు. "నోటితో ఏమైనా తాగించారా?"

"అబ్బే, లేదండీ," అంటూ ఆయన ఫ్యానుకేసి చూశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "కాఫీ!" అన్నాను.

గదిలో అందరూ నాకేసి తిరిగారు. నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను.

"తనే సైగ చేసి బతిమాలిందండీ. రెండు గుక్కలే," అని మా ఆయన తలదించుకున్నారు.

డాక్టరుగారు నవ్వాపుకోలేకపోయారు. "మిమ్మల్ని తిట్టాలండీ. మేడమ్‌కి మాత్రం మాటొచ్చింది!"

కాఫీ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా చేసిందని ఎక్స్‌రేలో తేలింది. యాంటిబయాటిక్స్‌తో వారానికి సీఆర్పీ దిగింది. తర్వాత తాడేపల్లిగూడెంలో స్పీచ్ థెరపీ. ప్రతిసారీ మా ఆయనే బస్సులో తీసుకెళ్లారు. మాటలకంటే ముందు పాటలు వచ్చాయి. చర్చిలో పల్లవి మొత్తం పాడేసి, ఇంటికొచ్చి ఉప్పు అడగలేకపోయేదాన్ని.

ఇప్పుడు మళ్లీ బడికి వెళ్తున్నాను. అప్పుడప్పుడు డస్టర్‌ని గరిటె అంటాను. పిల్లలు సరిదిద్దుతారు, అదంటే వాళ్లకు మహా సరదా.

నేను చెప్పేది ఒక్కటే. స్ట్రోక్ వచ్చిన మనిషికి మింగడం పరీక్ష చేసి డాక్టరు సరేననేదాకా మంచినీళ్లు కూడా నోట్లో పొయ్యకండి. ఎంత బతిమాలినా, ఎంత అలిగినా సరే. అలకలు తీర్చడానికి తర్వాత బోలెడు రోజులుంటాయి.